తేనె మీద పదోవంతు : తేనెటీగల పోషకుల ఆదాయం గురించి ఒక చారిత్రక పరిశీలన

హజ్రత్ ఉమర్ (ర) ఖలీఫాగా ఉన్న కాలంలో, అంటే హిజ్రీ 13కూ 23కూ (క్రీ.శ. 634–644) మధ్య, తాయిఫ్ ప్రాంతపు అధికారి నుండి మదీనాకు ఒక ఉత్తరం వచ్చింది. అందులోని విషయం యుద్ధానికో సంధికో సంబంధించినది కాదు, తేనెటీగలకు సంబంధించినది. బనూ ముత్ఆన్ తెగకు చెందిన హిలాల్ అనే వ్యక్తి పూర్వం దైవప్రవక్త (స) సన్నిధికి తన తేనెలో పదోవంతు తెచ్చి సమర్పించి, సలబా అనే లోయను తన తేనెటీగల కొరకు సంరక్షిత ప్రదేశంగా ప్రకటించవలసిందని మనవి చేసుకున్నాడు. దైవప్రవక్త (స) ఆ మనవిని మన్నించారు. ఇప్పుడు ఆ లోయ విషయంలో ఏమి చేయాలన్నది అధికారి ప్రశ్న.

హజ్రత్ ఉమర్ (ర) ఇచ్చిన సమాధానం సారాంశం ఇది: అతడు దైవప్రవక్త (స)కు చెల్లించిన పదోవంతును ఇప్పుడు కూడా చెల్లిస్తుంటే ఆ లోయను అతని కొరకు కాపాడవలసిందే. చెల్లించకపోతే మాత్రం అవి వాన వెంట తిరిగే ఈగలు తప్ప మరేమీ కావు; ఇష్టం వచ్చిన వారెవరైనా వాటి తేనె తినవచ్చు.

అబూ దావూద్, నసాయీ హదీసు సంకలనాలలో భద్రపరచబడిన ఈ చిన్న వృత్తాంతం మీద శతాబ్దాల తరబడి చర్చ జరిగింది. తేనెమీద జకాత్ విధి అవునా, కాదా అన్నది ఆ చర్చకు పైకి కనిపించే రూపం. దాని అడుగున మరొక ప్రశ్న ఉన్నది. తేనెటీగ ఎవరి సొత్తు? తెల్లవారగానే గూడు విడిచి, ఎవరి చెట్టు అని అడగకుండా పూలపై వాలి, ఎవరి పొలం అని చూడకుండా తిరిగివచ్చే ఈ ప్రాణిని పోషించి బ్రతికే మనిషి ఆదాయం అతని కష్టార్జితమా, లేక అందరికీ చెందిన వానచుక్క వంటిదా? హజ్రత్ ఉమర్ (ర) ఆ రెండు అవకాశాలనూ ఒకే ఉత్తరంలో పెట్టారు.

ఆ ఉత్తరం వెనుక ఉన్న ప్రాంతాన్ని కొంత తెలుసుకోవడం అవసరం. మక్కాకు ఆగ్నేయంగా ఎత్తైన కొండలపై ఉన్న తాయిఫ్ చుట్టుపక్కల సరవాత్ పర్వతశ్రేణిలో వర్షాలు కురుస్తాయి, చెట్లు పూస్తాయి. ఇసుక ఎడారి అనగానే మన కళ్ళముందు నిలిచే దృశ్యం అక్కడ లేదు. మక్కా, తాయిఫ్‌ల నడుమ కొండల్లో నివసించిన హుజైల్ తెగవారు తేనె సేకరణకు పేరుపొందారు. వారి కవులు కొండచరియల మీదినుండి తాళ్ళతో దిగి, పొగబెట్టి తేనెపట్టు కోసే మనిషిని ఎంతో శ్రద్ధగా వర్ణించారు. నల్లమలలో చెంచువారు తాళ్ళతో కొండతేనె దించడం చూసినవారికి ఆ వర్ణనలు ఏమాత్రం కొత్తగా తోచవు. హిజ్రీ మూడవ శతాబ్దానికి చెందిన పండితుడు అబూ హనీఫా దీనవరీ వృక్షాలను గురించి రచించిన తన బృహద్గ్రంథంలో తేనెకూ తేనెటీగలకూ ఒక అధ్యాయమే కేటాయించి, ఈ వృత్తిలో అరబ్బులు వాడే పదాలన్నింటినీ పోగుచేశాడు. (ఈయన, హనఫీ ఫిఖహ్ స్థాపకులైన ఇమామ్ అబూ హనీఫా వేర్వేరు వ్యక్తులు. పేరు చూసి పొరబడటం అప్పుడప్పుడు జరుగుతుంది.) ఒక వృత్తికి అంత పదజాలం ఉన్నదంటే దానిమీద బ్రతికినవారు కొద్దిమంది కారని అర్థం.

కొండతేనె కోయడం వేరు, తేనెటీగలను పోషించడం వేరు. కోసేవాడు పట్టు ఉన్నచోటికి వెళతాడు. పోషించేవాడు పట్టును తన దగ్గరకు తెచ్చుకుంటాడు. దివ్య ఖుర్ఆన్‌లో 'అన్నహ్ల్' సూరా (16వది) 68వ ఆయతులో తేనెటీగ నివాసాలుగా మూడు చోట్లు పేర్కొనబడ్డాయి: కొండలు, చెట్లు, మనుషులు కట్టినవి. ఈ మూడవదానిని పందిళ్ళు, ఇళ్ళ కప్పులు అని కొందరు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. మనుషులు ప్రత్యేకంగా అమర్చే గూళ్ళు కూడా అందులోకి వస్తాయని మరికొందరు అన్నారు. రెండవ అర్థమే సహజంగా కనిపిస్తుంది. బోలు మొద్దులు, మట్టి గొట్టాలు, రాతి గోడలలో కట్టిన అరలు, ఇవన్నీ అరబ్బు ద్వీపకల్పంలో తేనెటీగలకు ఇళ్ళుగా ఉపయోగపడ్డాయి.

హిలాల్ వద్దకు తిరిగి వద్దాం. అతడు మదీనాకు తెచ్చినది తేనె, అడిగినది లోయ. తేనెటీగల పోషకునికి నిజమైన పెట్టుబడి గూడు కాదు, పూత. గూళ్ళు ఎన్ని ఉన్నా చుట్టూ పూసే చెట్లు లేకపోతే తిత్తి నిండదు. ఆ లోయలోకి ఇతరుల మందలు వచ్చి పూలకొమ్మలు మేసిపోయినా, బయటివారు వచ్చి గూళ్ళు దోచుకున్నా అతని ఏడాది పంట పోయినట్లే. ఒంటరిగా లోయంతా కాపలా కాయడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకు రాజ్యాధికారపు అండ కావాలి. అరబ్బు పరిభాషలో దానినే 'హిమా' అన్నారు. ఇస్లాంకు పూర్వం తెగల నాయకులు తమ ఒంటెల కొరకు పచ్చిక బీళ్ళను బలవంతంగా హిమాగా చేసుకొని ఇతరులను తరిమేసేవారు. దైవప్రవక్త (స) ఆ పెత్తనాన్ని రద్దు చేసి, హిమా అధికారం అల్లాహ్‌కూ ఆయన ప్రవక్తకే చెందుతుందని ప్రకటించారు. అటువంటి నియమం ఉండగా ఒక సామాన్య తేనె పోషకునికి ఒక లోయ సంరక్షణ లభించిందంటే ఆ వృత్తికి ఆ సమాజంలో ఉన్న విలువ తెలుస్తున్నది.

ఇదే సంఘటన వేర్వేరు ఉల్లేఖనాలలో కొంత తేడాగా కనిపిస్తుంది. ఒకదానిలో అధికారి పేరు సుఫ్యాన్ బిన్ వహబ్. మరొకదానిలో సుఫ్యాన్ బిన్ అబ్దుల్లాహ్ సఖఫీ. ఒకదానిలో చెల్లించినది హిలాల్; మరొకదానిలో ఫహ్మ్ తెగకు చెందిన షబాబా శాఖవారు, ప్రతి పది తిత్తులకు ఒక తిత్తి చొప్పున. ఆ రెండవ కథనంలో సంరక్షించబడినవి రెండు లోయలు. ఇబ్ను మాజా సంకలనంలో అబూ సయ్యారా అనే సహాబీ తనకు తేనెటీగలున్నాయని విన్నవించగా పదోవంతు చెల్లించమని ఆజ్ఞ అయినట్లూ, ఆయన కూడా సంరక్షణ కోరి పొందినట్లూ ఉన్నది. అయితే ఆ ఉల్లేఖన పరంపరలో ఒక లంకె తెగిందని హదీసు విద్వాంసులు చూపించారు. వివరాలు ఎన్ని మారినా ఒక అంశం మాత్రం మారలేదు. పదోవంతు, లోయ సంరక్షణ, ఈ రెండూ ప్రతిచోటా జంటగానే వస్తున్నాయి.

ఈ జంటను ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గరే దారులు చీలాయి. హిజ్రీ 388 (క్రీ.శ. 998)లో మరణించిన ఖత్తాబీ, అబూ దావూద్ సంకలనానికి వ్యాఖ్యానం రాస్తూ, ఈ హదీసు జకాత్ విధి అని నిరూపించదనీ, హిలాల్ స్వచ్ఛందంగా ఇచ్చినదాన్ని స్వీకరించి దానికి ప్రతిగా లోయను కాపాడటం జరిగిందనీ అభిప్రాయపడ్డాడు. నిజంగా విధి అయితే ఇవ్వడం ఇవ్వకపోవడం హిలాల్ ఇష్టానికి హజ్రత్ ఉమర్ (ర) వదిలిపెట్టి ఉండేవారా? జకాత్ ఎగవేతను ఆ తరంవారు ఎంత తీవ్రంగా పరిగణించారో హజ్రత్ అబూబక్ర్ (ర) కాలపు చరిత్ర చదివినవారికి తెలుసు. కాబట్టి ఖత్తాబీ వాదనలో బలం లేకపోలేదు. అవతలి పక్షంవారు మాత్రం దైవప్రవక్త (స) స్వీకరించడమే చాలు, సంరక్షణ అదనపు అనుగ్రహం మాత్రమే అన్నారు.

తిర్మిజీ సంకలనంలో ఇబ్ను ఉమర్ (ర) ద్వారా పది తిత్తులకు ఒక తిత్తి అనే హదీసు ఉన్నది గాని, దాని పరంపర బలహీనమని స్వయంగా ఇమామ్ తిర్మిజీయే తెలియజేశారు. తేనె జకాత్ విషయంలో ప్రామాణికమైనదేదీ లేదని ఇమామ్ బుఖారీ అన్నట్లు కూడా ఉల్లేఖించబడింది. హిజ్రీ 99–101 (క్రీ.శ. 717–720) నాటి ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) వైఖరి ఇంకా ఆసక్తికరమైనది. మదీనా విద్వాంసుడు నాఫిఅను ఆయన తేనె సంగతి అడిగినప్పుడు, మా దగ్గర సదఖా ఇవ్వదగినంత తేనె లేదుగాని, తేనెమీద సదఖా లేదని ముగీరా బిన్ హకీమ్ మాకు చెప్పారని నాఫిఅ బదులిచ్చారు. ఖలీఫా ముగీరాను నమ్మదగిన వ్యక్తిగా అంగీకరించి ఆ వసూలును ఎత్తివేయమని ఆజ్ఞలు పంపారు. మినాలో ఉన్న తన అధికారికి ఆయన రాసిన లేఖలో గుర్రాల మీద, తేనె మీద సదఖా తీసుకోవద్దని ఉన్నట్లు ఇమామ్ మాలిక్ 'మువత్తా'లో నమోదుచేశారు. ఎత్తివేయమని రాయవలసి వచ్చిందంటే అంతవరకూ కొన్ని ప్రాంతాలలోనైనా వసూలు జరుగుతూ ఉండేదని గ్రహించవచ్చు.

ఇమాములలో మాలిక్ (మ. హి. 179), షాఫయీ (మ. హి. 204) తేనెమీద జకాత్ లేదన్నారు. అబూ హనీఫా (మ. హి. 150), అహ్మద్ బిన్ హంబల్ (మ. హి. 241) ఉన్నదన్నారు. మొదటి పక్షం తేనెను పాలతో పోల్చింది: ప్రాణి శరీరం నుండి వచ్చే ద్రవానికి జకాత్ లేనప్పుడు దీనికెందుకు? పట్టును కూడా ఉదాహరణగా చూపారు. పట్టుపురుగు నుండి వచ్చేదానిమీద ఉష్ర్ లేదు గదా! దీనికి హనఫీలు చెప్పిన జవాబును హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో మరణించిన మర్గీనానీ తన 'హిదాయా'లో పొందుపరచారు. తేనెటీగ పూలనుండి, ఫలాలనుండి తన ఆహారం గ్రహిస్తుంది. ఆ రెండింటిమీద ఉష్ర్ ఉన్నది. పట్టుపురుగు తినేది ఆకు. ఆకుమీద ఉష్ర్ లేదు. కాబట్టి తేనెకు ఉష్ర్ ఉండటం, పట్టుకు లేకపోవడం రెండూ న్యాయమే.

మదరసాలలో తరాల తరబడి బోధించబడుతున్న ఈ ఖియాస్ తర్కశాస్త్రానికి మాత్రమే ఉదాహరణ కాదు. తేనె పోషకుని ఆదాయం అసలు ఎక్కడ పుడుతున్నది అన్న ఆర్థిక ప్రశ్నకు అది సమాధానం. హనఫీల దృష్టిలో అతడు పశువుల కాపరి కాడు, ఒక విధమైన రైతు. భూమి నుండి పూత ద్వారా వచ్చే పంటను నాగలికి బదులు ఈగలతో కోసుకొంటున్నాడు. అందుచేతనే ఆ తేనె ఉష్ర్ భూమిలోనిదైతే పదోవంతు చెల్లించాలి. ఖరాజ్ భూమిలోనిదైతే ఏమీ లేదు, ఎందుకంటే ఒకే భూమి మీద రెండు బాధ్యతలు కలవవు. ఎవరికీ చెందని కొండల్లో దొరికే తేనెమీద కూడా ఉష్ర్ ఉన్నదని ప్రధానాభిప్రాయం. పంటనిచ్చే భూమి అనే కారణం అక్కడ లేదు గనుక ఉష్ర్ లేదని ఇమామ్ అబూ యూసుఫ్ (మ. హి. 182) అభిప్రాయం.

ఎంత తేనె ఉంటే చెల్లించాలి? కొంచెమైనా ఎక్కువైనా చెల్లించాలన్నారు ఇమామ్ అబూ హనీఫా. ఆయన శిష్యులు అంగీకరించలేదు. ఇమామ్ ముహమ్మద్ (మ. హి. 189) ఐదు ఫరఖ్‌లు అన్నారు, ఒక్కొక్క ఫరఖ్ 36 రతల్‌ల లెక్కన. హంబలీలు పది ఫరఖ్‌లు అన్నారు, అయితే వారి ఫరఖ్ 16 రతల్‌లది. లెక్కవేస్తే ఒకటి 180 రతల్‌లు, రెండవది 160. ఇరాకీ రతల్ సుమారు 400 గ్రాములని తీసుకుంటే రెండూ 60 నుండి 75 కిలోల నడుమకే వస్తాయి. వేర్వేరు దారుల్లో నడిచినవారు ఇంత దగ్గరగా చేరడం గమనించదగినది. మన ప్రాంతపు దేశవాళీ తేనెటీగ ఒక పెట్టెకు ఏడాదికి ఐదారు కిలోల నుండి పది కిలోల వరకు ఇస్తుంది. ఆ లెక్కన ఏడెనిమిది పెట్టెలు మొదలు పది, పన్నెండు పెట్టెలు నడిపేవాడు గాని ఆ హద్దు చేరడు. ఇంటి వెనుక రెండు పెట్టెలు పెట్టుకున్న పేదవాడిని శిష్యుల అభిప్రాయం మినహాయిస్తున్నది. గురువుగారి అభిప్రాయం మినహాయించడం లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ముస్లిములలో అత్యధికులు హనఫీలే గనుక ఈ చర్చ వారికి పుస్తకాలకే పరిమితమైనది కాదు. భారతదేశపు భూములు ఉష్ర్ భూములా, ఖరాజ్ భూములా అన్న విషయంలో ఇక్కడి ఉలమాలలో చాలాకాలంగా భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ తీర్పు ఎటు వెళితే తేనె సంగతీ అటే వెళుతుంది.

పన్ను సంగతి అలా ఉంచి, వృత్తిలోని ఇతర రాబడులను చూద్దాం. పోషకునికి తేనె ఒక్కటే ఆధారం కాదు. వసంతకాలంలో గూడు కిక్కిరిసినప్పుడు ఈగలు రెండుగా చీలి, ఒక దండు కొత్త చోటు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. దాన్ని పట్టి ఖాళీ గూటిలో పెట్టగలిగినవానికి ఒక గూడు రెండవుతుంది. ఆ రెండవదాన్ని అమ్ముకోవచ్చు. దండును నడిపే పెద్ద ఈగను అరబ్బులు 'యఅసూబ్' అన్నారు. అది ఎక్కడ వాలితే దండంతా అక్కడ వాలుతుందని వారికి తెలుసు. నాయకునికి బిరుదుగా కూడా ఆ పదాన్ని వాడారు. ఇతర దేశాల వారిలాగే వారు కూడా దాన్ని మగదిగానే భావించారు. అది గుడ్లు పెట్టే ఆడ ఈగ అని 17వ శతాబ్దంలో హాలండు శాస్త్రజ్ఞుడు స్వామర్‌డామ్ కోసి చూపినదాకా ఆ సంగతి లోకానికి స్పష్టం కాలేదు. ఖుర్ఆన్‌లో తేనెటీగను సంబోధించిన క్రియలు స్త్రీలింగంలో ఉన్నాయని నేటి ఉపన్యాసకులు తరచు ఎత్తిచూపుతుంటారు. అరబీలో 'నహ్ల్' అనే పదం స్త్రీలింగంలో వాడబడటం భాషా సంప్రదాయం. దానిమీద పెద్ద వాదన నిర్మించవలసిన అవసరం లేదు.

అయితే, ఎగిరిపోయే ప్రాణిని అమ్మడం చెల్లుతుందా? ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అబూ యూసుఫ్ చెల్లదన్నారు. వారి దృష్టిలో తేనెటీగ కందిరీగ వంటి పురుగే. ప్రయోజనం దాని నుండి వచ్చే తేనెలో ఉన్నదిగాని దానిలో లేదు. తేనెతో నిండిన గూటిని ఈగలతో సహా అమ్మితే మాత్రం ఈగలు తేనెను అనుసరించి వెళతాయి కాబట్టి చెల్లుతుంది. ఇమామ్ ముహమ్మద్ దీనికి భిన్నంగా, చేతిలో భద్రంగా ఉన్న తేనెటీగలను విడిగా అమ్మవచ్చునన్నారు. తినకపోయినా ఉపయోగపడే గాడిదను, కంచరగాడిదను అమ్మడం లేదా? ఇమామ్ షాఫయీదీ ఇదే మాట. తరువాతి హనఫీలు ఫత్వాకు ఇమామ్ ముహమ్మద్ అభిప్రాయాన్నే స్వీకరించారు. గూడు నిండేదాకా ఆగలేని పేద పోషకునికి, పూత మొదలుకాకముందే ఖాళీ దండును అమ్ముకొనే వీలు ఆ తీర్పు వల్లనే కలిగింది.

ఎవరి పొలంలోనైనా ఈగలు తమంతట తాము పట్టు పెడితే ఆ తేనె ఎవరిది? పొలంలో పక్షి గుడ్లు పెడితే అవి ముందుగా తీసుకున్నవానివి. తేనె అలా కాదు. అది భూమి రాబడిలో భాగం గనుక భూమి యజమానికే చెందుతుందని 'హిదాయా' చెబుతున్నది. ఇక్కడ కూడా తేనెను పంటగా చూసిన ఆ దృష్టే పనిచేసింది.

ఇక మైనం. విద్యుద్దీపాలు వచ్చిన తరువాత పుట్టినవారికి మైనం విలువ ఊహించడం కష్టం. నూనె దీపానికి పొగ, వాసన ఉంటాయి. తేనెమైనపు వత్తికి ఆ రెండూ తక్కువ. మస్జిదులకు, రాజభవనాలకు, ఊరేగింపులకు అదే కావాలి. పాత పద్ధతి గూళ్ళలో తేనె తీయాలంటే పట్టునే కోసి పిండవలసి వచ్చేది గనుక ప్రతి కోతకూ మైనం దానంతట అదే చేతికి వచ్చేది. ఈజిప్టు చరిత్రకారుడు మఖ్రీజీ (క్రీ.శ. 1364–1442) తేనెటీగలను గురించి ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశాడు. కైరో నగర వర్ణనలో ఆయన మైనపువత్తుల బజారును గురించి చెప్పిన సంగతులు ఆసక్తికరమైనవి. అక్కడి దుకాణాలు అర్ధరాత్రి దాకా తెరిచి ఉండేవట. రమజాన్ వచ్చిందంటే పది రతల్‌ల బరువు దాకా ఉండే ఊరేగింపు వత్తులు అమ్మకానికే కాక అద్దెకు కూడా దొరికేవట. వత్తిని అద్దెకిస్తే కరిగిపోయిన భాగం సంగతేమిటని సందేహం కలగవచ్చు. తూచి ఇచ్చి, తూచి తీసుకుంటే లెక్క తేలిపోతుంది. ఉత్తరాఫ్రికాలోని బిజాయా రేవు నుండి ఐరోపాకు మైనం ఎంతగా ఎగుమతి అయిందంటే, ఫ్రెంచివారు ఆ రేవును 'బూజీ' అని పిలిచి, చివరకు మైనపువత్తికే ఆ పేరు పెట్టుకున్నారు. నేటికీ ఫ్రెంచిలో వత్తిని బూజీ అనే అంటారు.

ఈజిప్టులో ఈ వృత్తి ఇస్లాంకు చాలా పూర్వం నుండీ ఉన్నది. క్రీస్తుపూర్వం 2400 ప్రాంతం నాటి అబూ గురాబ్ సూర్యాలయంలో తేనె తీసే దృశ్యం చెక్కబడి ఉన్నది. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దం నాటి ఒక పపైరస్ అర్జీలో తేనె పోషకులు తమ గాడిదలను తిరిగి ఇప్పించమని అధికారిని వేడుకున్నారు. పొలాలకు నీరు వదిలే సమయం వచ్చింది, గూళ్ళను తరలించకపోతే నాశనమవుతాయి, రాజుకు కట్టవలసిన పన్ను కూడా పోతుందని వారి మొర. పూతను వెంటాడుతూ గూళ్ళను మోసుకుపోవడం, అధికారి దయకోసం ఎదురుచూడటం, పన్ను పేరు చెప్పి రక్షణ అడగడం, ఇవి హిలాల్‌తో మొదలైనవి కావు. ఉస్మానీ సుల్తానుల కాలంలో కూడా తేనెగూళ్ళమీద పన్ను దస్తావేజులలో విడిగా నమోదయ్యేది.

లాభమున్నచోట కల్తీ ఉంటుంది. బజారు తనిఖీ అధికారి అయిన ముహ్తసిబ్ కొరకు రచించబడిన హిస్బా గ్రంథాలలో తేనెలో నీరు కలిపేవారి ప్రస్తావన వస్తుంది. పేరుకుపోయిన తేనెను చూసి కల్తీ అని అనుమానించే అలవాటు నేటికీ ఉన్నది. నిజానికి స్వచ్ఛమైన తేనె కూడా చలికి గడ్డకడుతుంది. ఈ ఒక్క అపోహ వల్ల ఎందరు నిజాయితీపరులైన పోషకులు మాటపడ్డారో లెక్కలేదు.

1851లో అమెరికాకు చెందిన లాంగ్‌స్ట్రాత్ ఈగలు మూసివేయకుండా వదిలే సందు కొలతను కనిపెట్టి, పైకి తీయగల చట్రాలతో పెట్టె తయారుచేశాడు. దానితో పట్టును కోయకుండానే తేనె తీసి, ఖాళీ పట్టును మళ్ళీ ఈగలకే ఇవ్వడం సాధ్యమైంది. ఒక కిలో మైనం చేయడానికి ఈగలు ఆరేడు కిలోల తేనె తింటాయి. ఆ శ్రమ మిగిలిన ఈగలు తేనె కూడబెట్టాయి. పోషకునికి తేనె పెరిగింది, మైనం తగ్గింది. దానితోపాటు పెట్టెలు, చట్రాలు, తేనె తీసే యంత్రం, వానాకాలంలో పంచదార పాకం, లారీ కిరాయి అనే ఖర్చులు వచ్చాయి. హిలాల్ కాలంలో ఖర్చు అంటే కాపలాయే. అందువల్లనే 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో జకాత్ ధర్మశాస్త్రం మీద విపులమైన గ్రంథం రచించిన యూసుఫ్ ఖర్జావీ (మ. 2022) తేనెమీద పదోవంతు విధి అనే పక్షాన్ని సమర్థిస్తూనే, ఖర్చులు పోగా మిగిలిన నికరాదాయం మీద అది లెక్కించాలన్నారు. ధాన్యం విలువతో నిసాబ్‌ను నిర్ణయించాలన్నది కూడా ఆయన సూచన.

ఖర్చులే కాదు, నష్టాలు కూడా ఉన్నాయి. 1991–92లో థాయ్ సంచిపురుగు వ్యాధి అనే వైరస్ రోగం దక్షిణ భారతాన్ని తాకినప్పుడు కేరళ, కర్ణాటక, తమిళనాడులలో దేశవాళీ తేనెటీగల పెట్టెలు చాలావరకు ఖాళీ అయిపోయాయి. ఆ తరువాత ఐరోపా జాతి ఈగలు వ్యాపించాయి. వాటిని పోషించేవారు పొద్దుతిరుగుడు పూతకు తమ పెట్టెలను లారీలలో మన జిల్లాలకు కూడా తెస్తుంటారు. ఈగలు వాలితే గింజ బాగా పడుతుందని తెలిసిన రైతు పొలం గట్టున చోటిస్తాడు. తెలియనివాడు తన పూల రసమంతా పోతున్నదని తగువుకు వస్తాడు. పాశ్చాత్య దేశాలలో పరపరాగ సంపర్కం కొరకు రైతే పోషకునికి అద్దె చెల్లిస్తాడు. కాలిఫోర్నియా బాదంతోటలలో అనేకమంది పోషకులకు తేనె కంటే ఈ అద్దెయే పెద్ద రాబడి. అది ఫలసాయమా, కూలియా? ఉష్ర్ భూమి పంటకు సంబంధించినది గనుక ఈ అద్దె ఉష్ర్ కిందికి రాదనీ, చేతిలో ఏడాది నిలిచిన ధనంగా మామూలు జకాత్ లెక్కలోకే వస్తుందనీ చెప్పడం సబబుగా ఉంటుంది.

ఇటు మన్యంలో, 1956లో ఏర్పడి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ గిరిజనుల నుండి కొండతేనె కొంటున్నది. భూమి యాజమాన్యం లేని అడవి తేనె గురించి ఇమామ్ అబూ యూసుఫ్ లేవదీసిన ప్రశ్నకు ఇంతకంటే సజీవమైన ఉదాహరణ దొరకదు.

ఈ మొత్తం కథ అత్యంత తీవ్రరూపంలో కనిపించే చోటు యమన్. హజ్రమౌత్‌లోని దౌఆన్ లోయలో సిద్ర్ చెట్టు, అంటే మన రేగు జాతికే చెందిన చెట్టు, శరదృతువులో పూస్తుంది. ఆ కొద్ది వారాల పూత నుండి వచ్చే తేనె ప్రపంచంలోకెల్లా ఖరీదైన వాటిలో ఒకటి. మేలురకం కిలో వంద డాలర్లు దాటి పలుకుతుంది. అక్కడి పోషకులు గొట్టపు గూళ్ళను వాహనాలకెత్తి, ఈగలు లోపల ఉండే రాత్రివేళ ప్రయాణం చేసి, ఒక లోయ పూత అయిపోగానే మరొక లోయకు చేరుతారు. 2014–15లో మొదలైన యుద్ధం ఆ దారులను తెంచింది. తేనెటీగల పోషణ మీద సుమారు లక్ష యమన్ కుటుంబాలు ఆధారపడి ఉన్నాయని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 2022లో తెలిపింది. యుద్ధరేఖలు దాటలేక కొందరు పూత లేని చోటనే గూళ్ళు పెట్టుకొని కూర్చున్నారు. దాటబోయిన వారిలో కొందరు మందుపాతరలకు బలయ్యారు.

తాయిఫ్‌కు దక్షిణాన ఉన్న సరవాత్ కొండలలో, పూతకాలంలో మందలను లోపలికి రానీయని తేనెటీగల హిమాలు ఇరవయ్యవ శతాబ్దం దాకా గ్రామకట్టుబాటుగా నిలిచి ఉన్నాయి. 1953లో సౌదీ ప్రభుత్వం హిమాలను రద్దుచేస్తూ ఉత్తర్వు ఇచ్చిన తరువాత వాటిలో ఎక్కువభాగం సామాన్య పచ్చిక బీళ్ళలో కలిసిపోయాయి. సలబా వంటి లోయలలోకి మందలు మళ్ళీ వచ్చాయి.